రాజా దీనదయాళ్

ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కాలపు హైదరాబాదును నేడు మనము కన్నులార చూడగలుగుచున్నామన్నచో, అందులకు ముఖ్యకారకుడు లాలా దీనదయాళ్. ఆ కొలువు, ఆ మేడలు, ఆ వేటవిడుదులు అతని గాజుపలకలపై నిలిచియున్నవి.

దీనదయాళ్ 1844వ సంవత్సరమున మీరట్టు సమీపమందలి సర్ధనాలో జన్మించెను. వారిది రత్నవర్తకులైన జైనుల కుటుంబము. అతడు రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇండోరునందు ప్రభుత్వోద్యోగమున చేరెను. కట్టడములకు అంచనాలు కట్టుట, పటములు గీయుట అతని పని. పొడవు వెడల్పుల పొందికను కంటితోనే గ్రహించు నేర్పు అచటనే అలవడెను.

1874లో అతడు కెమెరా చేపట్టెను. ఆనాడు చిత్రము తీయుట మిక్కిలి ప్రయాసతో కూడిన పని. బరువైన కొయ్యపెట్టెను ముక్కాలిపై నిలిపి, తలపై నల్లగుడ్డ కప్పుకొని, వెనుకనున్న గరుకుటద్దముపై బింబమును చూడవలెను. ఆ బింబము తలక్రిందులుగా కనబడును! పలక వెల హెచ్చు. ఎవరైన కదలినచో రూపము అలుకుకొనిపోవును. కావున మూత తీయకముందే చిత్రమంతయు మనస్సున కూర్చుకొనవలెను. తలక్రిందుల బింబము ఒక విధముగా మేలే చేయును. అందు వస్తువుకంటె ముందుగా వెలుగునీడల తూకము కంటబడును.

1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట మధ్యభారతమున పర్యటించి, గ్వాలియరు కోట మొదలగు కట్టడములను చిత్రించెను. అవి 1886లో గ్రంథరూపమున వెలువడినవి. అతని కట్టడముల చిత్రములలో పలుచోట్ల ఒక మనిషి ఏ ద్వారమువద్దనో, ఏ మెట్టుపైననో చిన్నగా నిలిచియుండును. అతడు అలంకారమునకు నిలిచినవాడు కాడు. అతనితో పోల్చినప్పుడే గోడల ఎత్తు తెలియును.

అమీన్‌పూర్ చెరువుగట్టున చేతిఫోనుతో చిత్రము తీయు బాలుడైనను ఈ మెలకువను పరీక్షింపవచ్చును. నీటిని, ఆకాశమును మాత్రమే తీసినచో చెరువెంతటిదో తెలియదు. ముంగల ఒక రాతిగుండు, దూరమున ఒక మనిషి చేరినంతనే లోతు పుట్టును. నీరు ఆకాశమును తాకు గీతను నడుమ నుంచక, పైకో క్రిందికో జరిపినచో, ఏది ముఖ్యమో తేలును. ఏటవాలు ఎండలో రాళ్ల గరుకుదనము కనబడును. మిట్టమధ్యాహ్నమున అది అణగిపోవును.

1885లో దీనదయాళునకు నిజాము ఆశ్రయము లభించెను. నెలజీతము నిశ్చయము, రాజుల మెప్పు అట్టిది కాదు. ఐనను నలువదియేండ్లు దాటిన వయస్సున అతడు ఉద్యోగమును విడిచి, సికింద్రాబాదులో చిత్రశాల నెలకొల్పెను. ఘోషా పాటించు స్త్రీలకై 1892లో వేరొక చిత్రశాలను తెరచి, దానిని ఒక ఆంగ్లవనిత కప్పగించెను. నిజాము అతనికి రాజా ముసవ్విర్ జంగ్ అను బిరుదు నొసగెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడు.

పదిమందిని ఒకచోట కూర్చుట కట్టడమును తీయుటకంటె కష్టము. కొందరిని నిలిపి, కొందరిని కుర్చీలలో, కొందరిని నేలపై కూర్చుండబెట్టినచో తలలన్నియు ఒకే వరుసగా నుండక, చూపు ప్రధానపురుషునివైపు సాగును. 1902లో వైస్రాయి కర్జను ప్రభువు వరంగల్లు సీమలో వేటాడినప్పుడు తీసిన చిత్రము ప్రసిద్ధము. పులి అడ్డముగా నేలపై పడియుండ, దంపతులు నిలువుగా నిలిచియుందురు. పులివేట నేడు నేరము. ఆ చిత్రపు కూర్పు మాత్రము పరిశీలింపదగినది.

రాజులను తీసిన ఆ కెమెరాయే 1899–1900 నాటి కరవులో ప్రజలకు జరిగిన సహాయకార్యములను గూడ చిత్రించెను. దర్బారు చిత్రములకంటె ఇవియే అతని గొప్పతనమును ఎక్కువగా చాటును.

దీనదయాళ్ 1905 జూలైలో కన్నుమూసెను. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 1989లో అతని చిత్రశాల గాజుపలకలను 2,857 సేకరించి భద్రపరచినది.