విండో అంచు చిక్కకపోతే తప్పు ఎవరిది?

స్క్రీన్ మీద రెండు విండోలు తెరిచి ఉన్నాయి. ఒకదాన్ని కాస్త వెడల్పు చేద్దామని కర్సర్‌ను దాని అంచు దగ్గరికి తీసుకెళ్తాం. అంచు దొరకదు. ఇంకొంచెం జరిపితే దాటిపోతుంది. తొందరపడి నొక్కితే వెనకున్న విండో ముందుకొచ్చి కూర్చుంటుంది. ఎర్రుపాలెంలో రైలెక్కి ఖమ్మానికో విజయవాడకో కంప్యూటర్ కోర్సుకెళ్లే డిగ్రీ విద్యార్థి ఇలాంటప్పుడు నాకింకా చెయ్యి తిరగలేదనే అనుకుంటాడు. పక్క సీట్లో ఇంజినీరింగ్ వాళ్లుంటే మరీ ముడుచుకుపోతాడు. ఇంతకీ తప్పు చేతిదా, అంచుదా? దీన్ని లెక్కగట్టి చెప్పే సూత్రం ఇచ్చినాయన, విండోలు ఇళ్లలోకి రావడానికి చాలా ముందే కన్నుమూశారు. ఆయన పేరు పాల్ ఫిట్స్.

1912 మే 6న అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో, మార్టిన్ అనే ఊళ్లో పుట్టారు. చదివింది సైకాలజీ. టెన్నెసీలో డిగ్రీ, బ్రౌన్‌లో పీజీ, 1938లో రోచెస్టర్ నుంచి పీహెచ్‌డీ. సైకాలజీ చదివి ఏం చేస్తావని ఇప్పటికీ మన ఇళ్లలో అడుగుతారు కదా! ఆయన చదువును రెండో ప్రపంచ యుద్ధం విమానాల దగ్గరికి తీసుకెళ్లింది. సైనిక వైమానిక దళంలో లెఫ్టినెంట్ కల్నల్ అయ్యారు. ఒహాయోలోని రైట్ ఫీల్డ్ స్థావరంలో, ఏరో మెడికల్ ల్యాబొరేటరీలోని సైకాలజీ విభాగానికి అధిపతిగా పనిచేశారు.

విమానం దెబ్బతింటే, యంత్రంలో లోపం కనబడకపోతే, ఫైల్లో పైలట్ పొరపాటు అని రాసేసేవారు. ఫైలు అక్కడితో మూతపడేది. ఫిట్స్ ఆ మాట దగ్గర ఆగలేదు. రిచర్డ్ జోన్స్ అనే సహచరుడితో కలిసి, లివర్లూ స్విచ్‌ల విషయంలో పైలట్లు చేసిన 460 పొరపాట్ల వివరాలు సేకరించారు. 1947లో వచ్చిన ఆ నివేదికలో దాదాపు సగం ఒకే రకం: ఒక లివర్ బదులు ఇంకోటి లాగడం. బి-25 విమానంలో థ్రాటిల్ లివర్ ఎడమ చివర ఉండేది. సి-47లో అదే లివర్ మధ్యలో. నిన్న ఒకటి నడిపి ఇవాళ ఇంకోటి ఎక్కిన మనిషి చెయ్యి పాత చోటికే పోతుంది మరి. చక్రాలు దింపే మీటా, రెక్కల ఫ్లాప్‌లు కదిపే మీటా పక్కపక్కనే ఒకేలా ఉన్న విమానాలూ ఉండేవి. పైలట్లను తిట్టి లాభం లేదు, మీటల చోటూ ఆకారమూ మార్చాలన్నది ఫిట్స్ వాదన. అనుభవమున్న పైలట్లు కూడా అవే పొరపాట్లు చేశారన్నది ఇందులో గమనించాల్సిన సంగతి.

1949లో ఆయన ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి వచ్చారు. మనకు కావలసిన ప్రయోగం అక్కడిదే. 16 మంది కాలేజీ కుర్రాళ్లను పిలిచారు. ఒక్కొక్కరి ముందు రెండు లోహపు పట్టీలు, చేతిలో లోహపు మొన ఉన్న పుల్ల. రెండు పట్టీలనూ మార్చి మార్చి వీలైనంత వేగంగా తాకుతూ పోవాలి. పట్టీ వెడల్పు 2 అంగుళాల నుంచి పావు అంగుళం దాకా, వాటి మధ్య దూరం 2 నుంచి 16 అంగుళాల దాకా మార్చి చూశారు. టెలిఫోన్ తీగలో ఎంత సమాచారం పోతుందో కొలవడానికి 1948లో క్లాడ్ షానన్ ఇచ్చిన సిద్ధాంతాన్ని, ఫిట్స్ తీసుకొచ్చి మనిషి చేతికి పెట్టారు. నాకైతే ఆయన జీవితంలో అన్నిటికన్నా తెలివైన పని ఇదే అనిపిస్తుంది. 1954లో అచ్చయిన ఫలితం ఇది: దూరాన్ని రెట్టింపు చేసి, వెడల్పుతో భాగించండి. వచ్చిన సంఖ్య 2కు ఎన్నో ఘాతమో చూడండి. ఆ ఘాతాంకమే పని కష్టానికి కొలత, బిట్లలో. కష్టం పెరిగే కొద్దీ పట్టే సమయం అదే వరుసలో పెరుగుతుంది.

ఇప్పుడు విండో అంచుకు వద్దాం. కర్సర్ 512 పిక్సెళ్ల దూరంలో ఉంది, అంచు మందం 1 పిక్సెల్ అనుకోండి. 1024ను 1తో భాగిస్తే 1024, అంటే 10 బిట్లు. అంచు 8 పిక్సెళ్లుంటే 128, అంటే 7 బిట్లే. సన్నటి అంచుతోనే 7 బిట్లకు రావాలంటే కర్సర్ ముందే 64 పిక్సెళ్ల దగ్గరికి వచ్చి ఉండాలి. చెయ్యి అదే, మౌస్ అదే. తేడా అంతా డిజైనర్ గీసిన గీతలో ఉంది.

ఈ లెక్క చూసే అవకాశం ఫిట్స్‌కు దక్కలేదు. 1958లో మిషిగన్ యూనివర్సిటీకి మారారు, హ్యూమన్ ఫ్యాక్టర్స్ సొసైటీకి అధ్యక్షుడయ్యారు. 1965 మే 2న, 53వ ఏట పోయారు. మైఖేల్ పోస్నర్‌తో కలిసి రాసిన పుస్తకం 1967లో ఆయన లేకుండానే వచ్చింది. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌ను జనం ముందు చూపించింది 1968 డిసెంబరులో. పదేళ్ల తర్వాత, 1978లో, జిరాక్స్ సంస్థ పరిశోధకులు స్టువర్ట్ కార్డ్ బృందం మౌస్‌ను పరీక్షించి, అది ఫిట్స్ సూత్రం ప్రకారమే నడుస్తోందని తేల్చింది. కార్డ్ 1983లో రాసిన పుస్తకానికి ఒక సహ రచయిత అలెన్ న్యూవెల్. ఆయన పనిచేసిన కార్నెగీ మెలన్ యూనివర్సిటీలోనే మన చిత్తూరు జిల్లా కాటూరు నుంచి వెళ్లిన రాజ్ రెడ్డి 1969 నుంచీ ఉన్నారు.

సూత్రం తెలిసినా కంపెనీలు చాలాకాలం తటపటాయించాయి. సన్నటి అంచు చూడ్డానికి బాగుంటుంది, చోటూ కలిసొస్తుంది. మ్యాక్‌లో 2011 దాకా విండో కుడివైపు కింది మూల పట్టుకుంటేనే సైజు మారేది. విండోస్ 10లో కంటికి కనిపించేది పల్చటి గీతే గానీ, దాని బయట కనబడని కొన్ని పిక్సెళ్లు కూడా పట్టునిస్తాయి. ఇది మంచి ఉపాయమే. కానీ కనబడని పట్టు ఉందని కొత్తవాడికి ఎవరు చెప్పాలి?

యూఎక్స్ డిజైన్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఫిట్స్ సూత్రం అడగడం మామూలే. కంఠతా పట్టకండి, చేసి చూడండి. తెల్ల కాగితంపై 8 అంగుళాల ఎడంతో అంగుళం వెడల్పు పట్టీలు రెండు గీసి, 15 సెకన్లు పెన్నుతో మార్చి మార్చి చుక్కలు పెట్టండి. తర్వాత పావు అంగుళం పట్టీలతో అదే పని చేయండి. పట్టీ లోపల పడ్డవెన్ని, బయట పడ్డవెన్ని లెక్కపెట్టండి. అయిదుగురు స్నేహితులతో చేయించి ఆ అంకెలు పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోండి.