గృహస్థయోగి శ్రీ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి

మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలో బ్రహ్మంగారి పేరు విననివారుండరు. వానలు వెనుకబట్టినను, ఏరులు పొంగి ఊళ్లమీదికి వచ్చినను, క్రొత్త రోగమేదైన పుట్టినను, ఇది ఆయన కాలజ్ఞానములో ముందే చెప్పినదేయని అనుకొనుట మనకు పరిపాటి. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి ప్రబలినప్పుడు ఆయన పేరిట ఎన్నియో మాటలు చేతి ఫోనులలో ఊరూర తిరిగినవి. అప్పటికే దిగులుపడియున్న ఇండ్లలో ఆ మాటలు మరింత భయమును నింపినవి.

ఒక మహాపురుషుని పేరు వినగానే గుండె ఝల్లుమనుట న్యాయమా? ఆయన జీవితమును మొదటినుండి తుదివరకు పరికించినచో భయమునకు బదులు ధైర్యమే కలుగును. ఆయన లోకమును విడిచి అడవిలో ముక్కు మూసికొని కూర్చుండిన వాడు కాడు. పసులను కాచెను, కొయ్యపని చేసెను, పెండ్లియాడి బిడ్డలను పెంచెను, ఊరివారితో కలిసి మెలిసి బ్రతికెను. ఆ బ్రతుకులోనే మనసునకు శాంతి దొరకునని చూపెను. కాలజ్ఞానమును గూర్చి చెప్పువారు అనేకులు గలరు గనుక, ఈ వ్యాసమున ఆయన బ్రతుకును గూర్చియే ముచ్చటించెదము.

స్వామి మనకు దూరపువాడు కాడు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువరకు మన మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు కర్నూలు జిల్లాలోనివి. ఆయన మొదట నివసించిన బనగానపల్లె నల్లమలకు ఆవలిప్రక్కన, నేటి నంద్యాల జిల్లాలో నున్నది. తరువాత స్థిరపడిన కందిమల్లాయపల్లె గిద్దలూరునకు దక్షిణమున, కడప జిల్లాలో, బ్రహ్మంగారిమఠమను పేర నేడు ప్రసిద్ధి చెందియున్నది. అందుచేత ఆయన తత్త్వములను తంబురా మీటుచు పాడువారు మన పల్లెలకును వచ్చుచుండిరి. వీధినాటకములవలనను, 1984లో నందమూరి తారక రామారావుగారు నిర్మించి నటించిన చలనచిత్రమువలనను ఆయన కథ ఇంటింటికి చేరినది.

స్వామి 1608లో జన్మించి 1693లో సమాధి చెందెనని పరంపరగా చెప్పుదురు. ఆయన జీవితకథ ప్రధానముగా మఠముల సంప్రదాయమువలనను, జనశ్రుతివలనను మనకు సంక్రమించినది. ఆ కాలమున రాయలసీమ ప్రజలకు నెమ్మది లేదు. విజయనగర వైభవము అంతరించెను. గోలకొండ సేనలు సీమలోనికి దిగెను. 1687లో ఆ గోలకొండయే ఔరంగజేబు వశమయ్యెను. ఏ దొర వచ్చి ఏ పన్ను అడుగునో తెలియని రోజులవి. అట్టి అలజడి కాలమున పుట్టిన వాని మాటలలో రాబోవు కష్టముల ప్రస్తావన ఉండుటలో ఆశ్చర్యము లేదు. ఆ కష్టముల నడుమ మనసును నిలుపుకొనుట ఎట్లో ఆయన తన నడవడిచేత నేర్పెను.

ఆయన బాల్యమే దుఃఖముతో ఆరంభమైనది. కన్నవారు పరిపూర్ణయాచార్యులు, ప్రకృతాంబ. పసితనముననే వారి అండ దూరము కాగా, పాపఘ్ని మఠమునకు చెందిన వీరభోజయాచార్యులు, వీరపాపాంబ దంపతులు ఆ శిశువును తెచ్చి పెంచిరని చెప్పుదురు. కన్నవారి ప్రేమ కరవైన బిడ్డకు పెంచినవారి ప్రేమ దక్కినది. ఒకరి బిడ్డను మరియొకరు కడుపున బెట్టుకొని సాకుటచేతనే లోకమునకు ఒక బ్రహ్మంగారు దక్కెనని మనము మరువరాదు.

యుక్తవయసున ఆయన దేశాటనము చేయుచు బనగానపల్లె చేరెను. అలసి ఒక రాత్రి గరిమిరెడ్డి అచ్చమ్మయను గృహిణి ఇంటి అరుగుమీద నిద్రించెను. తెల్లవారి ఆమె చూచి వివరమడిగి, పని కావలెననగా పసులను కాయుటకు కుదుర్చుకొనెను. ఆయన పసులను రవ్వలకొండకు తోలుకొనిపోయి, వాని చుట్టు కఱ్ఱతో ఒక గీత గీయగా అవి ఆ గీత దాటక మేయుచుండెడివట. తాను కొండగుహలో కూర్చుండి తాటియాకులమీద వ్రాసికొనుచుండెను. కాపరి పసులను వదలి తిరుగుచున్నాడని ఎవరో చెప్పగా అచ్చమ్మ స్వయముగా వచ్చి చూచి, తాను కూలికి పెట్టుకొన్నవాడు సామాన్యుడు కాడని గ్రహించి, పశ్చాత్తాపముతో పాదములకు మ్రొక్కెను.

ఇందు గమనింపదగిన విషయమొకటి గలదు. గీత దాటని ఆవుల మహిమను జనులు విశేషముగా చెప్పుకొందురు. కాని జ్ఞానియైన వాడు పసులకాపరి పనిని చిన్నచూపు చూడలేదు. తనచేత ఊడిగము చేయించిన ఇల్లాలిమీద కినుక వహింపలేదు. ఆమెను శిష్యురాలిగా స్వీకరించి ఆత్మజ్ఞానమును బోధించెను. చేయుపని చిన్నదైనచో మనసు చిన్నబుచ్చుకొనుట మన స్వభావము. ఆయనకు ఆ బాధ లేదు. చేయి పనిలో నున్నను మనసు పరమార్థమునందు ఉండవచ్చునని రవ్వలకొండ సాక్ష్యమిచ్చుచున్నది.

బనగానపల్లె విడిచి కందిమల్లాయపల్లె చేరిన పిమ్మట ఆయన తన కులవృత్తియైన వడ్రంగము చేసికొనుచు కాలము గడపెను. పెదకొమెర్లకు చెందిన శివకోటయ్యగారి కుమార్తె గోవిందమ్మను వివాహమాడెను. సంతానము కలిగెను. ఉలియు బాడిసెయు పట్టిన చేతితోనే ఆయన శిష్యులకు దారి చూపెను. ఇల్లు, ఆలుబిడ్డలు, వృత్తి ఇవన్నియు ముక్తికి అడ్డంకులని తలచువారికి ఆయన సంసారమే సమాధానము.

కందిమల్లాయపల్లెలో పోలేరమ్మ జాతరకు చందా అడుగుటకు గ్రామపెద్దలు ఆయన ఇంటికి వచ్చిన కథ అందరును ఎరిగినదే. ఆయన చుట్ట ముట్టించుకొనుటకు నిప్పు కావలెనని పోలేరమ్మనే పిలువగా, ఆ దేవత నిప్పు తెచ్చి ఇచ్చెనని చెప్పుదురు. దేవతను కించపరచుట ఈ కథలోని భావము కాదు. అమ్మవారికి తక్కువ చేసినచో ఊరికి కీడు కలుగునని వణకుచుండిన జనులకు, దైవమును ఇంటి ఆడపడుచువలె చనువుతో పిలువవచ్చునని ఇది తెలుపుచున్నది. భయముతో చేయు భక్తి మనసును కృశింపజేయును. ప్రేమతో చేయు భక్తి నిబ్బరము నిచ్చును.

ఆయన శిష్యులలో అగ్రగణ్యుడు సిద్దయ్య. ఇతడు ముడుమాలకు చెందిన దూదేకుల కుటుంబములో పుట్టినవాడు. కుమారుడు ఇల్లు విడిచి గురువును ఆశ్రయించుట తండ్రికి తీరని వ్యథ కలిగించెను. వివాదము కడప నవాబు వరకు పోయెను. నవాబు ఎదుట సిద్దయ్య మ్రొక్కగా బండ పగిలెనని కథ. బండ మాట ఎట్లున్నను, కులమతములు అడ్డుగోడలుగా నున్న రోజులలో గురుశిష్యుల నడుమ ఆ గోడ నిలువలేదన్నది ముఖ్యము. చర్మకారుడైన కక్కయ్యయు ఆయన శిష్యుడే. దేహములోని చక్రములయందు దేవతలు గలరని గురువు చెప్పగా విని, అక్షరార్థమునే నమ్మి, భార్య శరీరమును కోసి చూచి, ఏమియు కానరాక గురువుపై మండిపడెనని చెప్పుదురు. గురువు ఆమెను బ్రతికించి, కక్కయ్యకు తత్త్వమును తెలిపి శిష్యునిగా చేసికొనెనట. ఈ కథ వినుటకు భయంకరముగా నున్నను దీని హెచ్చరిక గొప్పది. అంతరంగమున నున్నది కత్తికి దొరకదు. పెద్దల మాటను పైపైన పట్టుకొనినచో ఇల్లే కూలును. కాలజ్ఞానమును చదువువారికిని ఈ హెచ్చరిక వర్తించును.

వైశాఖ శుద్ధ దశమినాడు స్వామి జీవసమాధి చెందెనని ప్రతీతి. ఆ కథలో మహిమలకన్న మానవహృదయమే ఎక్కువగా కానవచ్చును. భార్య గోవిందమ్మను ఓదార్చి, తనకు మరణము లేదు గనుక పసుపుకుంకుమలు తీసివేయవలదని ఆయన చెప్పెనట. ఆనాటి సమాజమున ఒక స్త్రీకి అంతకు మించిన అభయమేమి గలదు? సిద్దయ్య ఎడబాటును సహింపలేడని యెరిగి, పూలు తెచ్చుటకు అతనిని బనగానపల్లెకు పంపెను. తిరిగివచ్చిన సిద్దయ్య సమాధిని చూచి తలబాదుకొని ఏడ్చెను. జ్ఞానివై యుండి ఏడ్తువా యని గురువు కోపగింపలేదు. సమాధినుండి పలికి, ఊరడించి, తన దండమును, పాదుకలను, ముద్రికను అనుగ్రహించెనని చెప్పుదురు. దుఃఖించువానిని తప్పుపట్టక, మొదట ఓదార్చి, పిమ్మట చేయదగిన పనిని అప్పగించుట ఆయన పద్ధతి. ఏ ఇంట చావు కలిగినను మనము అనుసరింపదగిన పద్ధతి ఇదియే.

సిద్దయ్య సమాధి ముడుమాలలో కలదు. స్వామి మనుమరాలు ఈశ్వరమ్మ తాతగారి జ్ఞానమార్గమును కొనసాగించి యోగినిగా పేరుగాంచినది. వైశాఖ శుద్ధ దశమినాడు మఠములో ఆరాధనోత్సవములు జరుగును. మన ప్రాంతమునుండియు భక్తులు పోవుదురు.

మన పశ్చిమ ప్రకాశమున దిగుళ్లకు కొదవ లేదు. వాన కురియని ఏడులు, ఫ్లోరైడు కలిసిన త్రాగునీరు, పని వెదకుకొనుచు వలసపోవు కుటుంబములు, బిడ్డల రాకకై ఎదురుచూచు వృద్ధులు మనము నిత్యము చూచునవే. పలకల గనిలో రాయి చీల్చువానికిని, మిరపతోటలో కూలికి పోవు ఇల్లాలికిని మఠమునకు పోయి ధ్యానము చేయు తీరిక లేదు. వారికి బ్రహ్మంగారి జీవితము అందుబాటులోని పాఠము. చేయుపనిని గౌరవించుట, ఇంటివారితో మెత్తగా మాటలాడుట, కులము నడుగక స్నేహము చేయుట, ఏడ్చువాని ప్రక్కన కూర్చుండుట, పుకారులకు బెదరకుండుట. వీనికి ధనము అక్కరలేదు.

ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయమున సాయంకాలము నలుగురు కూడి చదువుకొనుచున్నారు. ఇకమీదట కాలజ్ఞానము చేతికి తీసికొనినప్పుడు, రాబోవు విపత్తులను వెదకుటకు ముందు, దానిని వ్రాసినవాడు పసులు కాచుచు, బాడిసె పట్టుచు ఎంత నెమ్మదిగా బ్రతికెనో ఒక్క క్షణము తలచుకొనుడు. భయము తగ్గును. పుస్తకము మూసి ఇంటికి పోవునప్పుడు మనసు తేలికపడియుండును.