మంచు కొండల బడిపంతులు నైన్ సింగ్



మన సోషల్ పుస్తకంలో హిమానీనదం అనే మాట ఉంది. ఏళ్ల తరబడి పడిన మంచు అణిగి, గడ్డకట్టి, తన బరువుకు తానే మెల్లగా కిందికి జారుతూ ఉంటే దాన్ని హిమానీనదం అంటారు. హిమాలయాల్లో మిలం హిమానీనదం ఉంది. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. అక్కడే గోరీగంగ పుడుతుంది. మున్సియారి నుంచి కొన్ని రోజులు నడిచి పోయి చాలామంది దాన్ని చూసి వస్తారు. దాని దిగువన మిలం అనే ఊరుంది. ఆ ఊరి మనిషి కథే ఇది.

నైన్ సింగ్ రావత్ 1830లో పుట్టాడు. భోటియా జాతివాడు, మన మాదిరే గిరిజనుడు. వాళ్లు గొర్రెల మీద ధాన్యం వేసుకుని, కనుమలు దాటి టిబెట్టుకు పోయి ఉప్పు, ఉన్ని తెచ్చేవాళ్లు. నైన్ సింగ్ చిన్నప్పుడే నాయన వెంట పోయి టిబెట్టు భాష నేర్చుకున్నాడు. తర్వాత మిలం బడిలో పంతులయ్యాడు.

ఆ కాలంలో టిబెట్టులోకి తెల్లవాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. కానీ తెల్లదొరలకు ఆ దేశం మ్యాపు కావాలి. అందుకని 1863లో నైన్ సింగ్‌ను, ఆయన బంధువు మణి సింగ్‌ను డెహ్రాడూన్ పిలిపించి సర్వే పని నేర్పారు. ఎగుడైనా దిగుడైనా అంగ ఒకే కొలతలో పడాలి. 2,000 అంగలు ఒక మైలు. జపమాలలో 108 పూసలకు బదులు 100 ఉంచారు. నూరు అంగలకు ఒక పూస జరపాలి. మాల ఒక చుట్టు తిరిగితే 5 మైళ్లు, అంటే 8 కిలోమీటర్లు. మనం దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలం పోతే దాదాపు ఒక మాల అన్నమాట!

రాసుకున్న కాగితాలు ప్రార్థన చక్రంలో దాచేవాడు. ఎత్తు తెలుసుకోవడానికి నీళ్లు కాచేవాడు. పైకి పోయేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కదా, దాన్నిబట్టి లెక్కగట్టేవాడు. వ్యాపారి వేషంలో 1866 జనవరిలో లాసా చేరాడు. గుర్తుపడితే ప్రాణానికే ముప్పు. డబ్బు తగ్గితే నేపాలీ వ్యాపారులకు లెక్కలు నేర్పి బతికాడు. యాడికి పోయినా పంతులే! ఆ ప్రయాణంలో సుమారు 1,200 మైళ్లు కొలిచాడు. నేను లెక్క వేసి చూశాను, 24 లక్షల అంగలు.

రహస్యం కోసమని దొరలు చాలా ఏళ్లు ఆయన పేరు బయటపెట్టలేదు. పండిట్ అని మాత్రమే రాశారు. 1877లో లండన్‌లోని రాయల్ జాగ్రఫికల్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది. 2004లో మన దేశం ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వేసింది. 1962 తర్వాత టిబెట్టు వ్యాపారం ఆగిపోయి మిలం ఊరు చాలావరకు ఖాళీ అయింది. హిమానీనదం కూడా కరిగి వెనక్కి పోతోంది.

మా తాతకు అక్షరం రాదు. కానీ నల్లమలలో ఏ వాగు యాడ దాటాలో, ఎండాకాలం నీళ్లు యాడ దొరుకుతాయో ఆయనకు తెలుసు. ఏ మ్యాపులోనూ ఆయన పేరు లేదు. సంక్రాంతి సెలవుల్లో తాత వెంట నడిచి, అంగలు లెక్కపెట్టి, మా గూడెం దారి గీసుకొస్తాను. పూసలు లేకపోతే చింతగింజలున్నాయి. మ్యాపు కింద తాత పేరు రాస్తాను. వచ్చే గోడపత్రికలో చూడండి.

— 9వ తరగతి విద్యార్థిని