పుదూరు నుంచి రాజ్యాంగ సభ దాకా: అల్లాడి కృష్ణస్వామి అయ్యర్



ఇలాంటి సంచికల్లో బిర్సా ముండా, కొమురం భీమ్ వంటి మన వీరులను తలచుకోవడం మన అలవాటు. ఈసారి నేను మన కొండకు చెందని, పోరాటాల్లో జైలుకు వెళ్లని, పట్నంలో పేరు మోసిన ఒక లాయరు గురించి రాస్తున్నాను. మా హాస్టల్ పిల్లలు రాజ్యాంగ రచనా సంఘంలోని ఏడుగురి పేర్లూ పరీక్ష కోసం గడగడా అప్పజెప్తారు. అందులో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ అనే పేరు దగ్గర ఆగి, ఆయన ఎవరని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆయన మన తెలుగు నేల మీద పుట్టినవారు. ఆయన చేయి పడిన రాజ్యాంగం మన పక్కనున్న పర్లాకిమిడి రైతులకు దొరకని ఒక దారిని మనకు తెరిచింది. అందుకే ఆయన కథ మీకు తెలియాలి.

అల్లాడి 1883 మే 14న నెల్లూరు జిల్లా పుదూరు అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి ఏకామ్ర శాస్త్రి పౌరోహిత్యం చేసేవారు. ఇంట్లో చదువు మీద గౌరవం ఉంది కానీ డబ్బు లేదు. 1899లో మెట్రిక్యులేషన్ పాసై మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చరిత్ర చదివారు. ఆ తర్వాత న్యాయశాస్త్రం పూర్తిచేసి మద్రాసు హైకోర్టులో వకీలుగా చేరారు.

మద్రాసు హైకోర్టు అంటే ఆ రోజుల్లో హేమాహేమీల అడ్డా. వెనకాల ఆస్తి లేని పల్లెటూరి కుర్రాడు అక్కడ నిలబడటానికి ఒకటే దారి: ఎదుటివాడి కంటే ఎక్కువ చదవడం. అల్లాడి అదే చేశారు. ఎస్టేట్ల తగాదాలు, వారసత్వాలు, పెద్ద పెద్ద ఆస్తుల దావాలు ఆయన దగ్గరకు వచ్చాయి. కొన్నేళ్లకే దక్షిణ దేశంలో సివిల్ లాయర్లలో మొదటి వరుసకు చేరారు. 1929 నుంచి 1944 దాకా పదిహేనేళ్లు మద్రాసు అడ్వొకేట్ జనరల్‌గా ఉన్నారు. 1932లో సర్ బిరుదు వచ్చింది. మైలాపూరులో కట్టుకున్న ఇంటికి తండ్రి పేరు మీద ఏకామ్ర నివాస్ అని పేరు పెట్టుకున్నారు. ఎంత ఎత్తుకు ఎదిగినా గుమ్మం మీద తండ్రి పేరే ఉంది. ఆ ఒక్క సంగతి నాకు ఎంతో నచ్చుతుంది.

ఇక్కడ మన పర్లాకిమిడి సంగతి చెప్పాలి. పాతపట్నం దాటగానే వచ్చే ఆ ఊరు ఒకప్పుడు పెద్ద జమీందారీ. ఆ జమీలోని గారబంధ గ్రామ రైతులకు శిస్తు పెంచుతూ రెవెన్యూ బోర్డు ఆర్డరు ఇచ్చింది. రైతులు ఆ ఆర్డరును రద్దు చేయమని మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. ఆ కేసు చివరికి లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా నడిచింది. 1943లో అక్కడ వచ్చిన తీర్పు ఏమిటో తెలుసా? శిస్తు న్యాయమా అన్యాయమా అన్న మాట పక్కన పెట్టి, మద్రాసు నగరం వెలుపల ఉన్న ఈ పల్లెల విషయంలో అలాంటి రిట్ ఇచ్చే అధికారమే ఆ హైకోర్టుకు లేదన్నారు. అంటే రిట్ అనే రక్షణ పట్నం పొలిమేర దగ్గరే ఆగిపోయింది. మన ఊళ్లకు రాలేదు.

1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. అల్లాడి కాంగ్రెస్ పార్టీ మనిషి కారు. అయినా ఆయన విద్వత్తు చూసి కాంగ్రెస్ ఆయనను మద్రాసు నుంచి రాజ్యాంగ సభకు ఎన్నిక చేయించింది. ప్రాథమిక హక్కుల ఉపసంఘంలో ఆయన సభ్యులు. కోర్టులో అమలు చేయించుకోగల హక్కులు వేరుగా, ప్రభుత్వానికి దారి చూపే ఆశయాలు వేరుగా ఉండాలని అక్కడ గట్టిగా వాదించారు. కాగితం మీది హక్కుకు కోర్టు తలుపు తెరుచుకోకపోతే ఏమవుతుందో గారబంధ రైతులను అడిగితే చెప్తారు. 1947 ఆగస్టు 29న ఏర్పడిన రచనా సంఘంలోనూ అల్లాడి ఉన్నారు. ఆరోగ్యం బాగోకపోయినా పని ఆపలేదు. తనకంటే గొప్పవారు, సమర్థులు ఆ సంఘంలో ఉన్నారని చెబుతూ డాక్టర్ అంబేద్కర్ నిండు సభలో ఈయన పేరే ఎత్తారు.

ఆ రాజ్యాంగంలోని 226వ అధికరణ ప్రకారం ఈ రోజు హైకోర్టు రిట్ రాష్ట్రంలో ప్రతి కొండకూ, ప్రతి గూడేనికీ వర్తిస్తుంది. అనంతగిరి మండలంలో గిరిజన భూములను గనులకు లీజుకిచ్చినప్పుడు సమత సంస్థ వేసిన కేసు హైకోర్టులో ఓడినా సుప్రీంకోర్టుకు చేరింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు అలాంటి లీజులు చెల్లవని 1997లో తీర్పు వచ్చింది. గారబంధకు మూసుకున్న తలుపు అనంతగిరికి తెరుచుకుంది.

రెండో సంగతి ఓటు. చదువు రానివాళ్లకు, ఆస్తి లేనివాళ్లకు ఓటెందుకని అనుమానపడినవాళ్లు ఆ రోజుల్లో చాలామంది. జమీందార్ల కేసులు వాదించిన అల్లాడి మాత్రం వయోజనులందరికీ ఓటు ఉండాలన్న వైపే నిలిచారు. సామాన్యుడి మీద నిండు నమ్మకంతోనే సభ ఈ నిర్ణయం తీసుకుందని 1949 నవంబరులో చెప్పారు. ఆ సామాన్యుడిలో సంతకు కట్టెలు మోసుకొచ్చిన మన తాతా ఉన్నాడు, వేలిముద్ర వేసిన మన మామ్మా ఉంది.

అల్లాడి అన్నింటా మన పక్షమే అని నేను చెప్పను. సభలో ఆదివాసుల గొంతు వినిపించింది జైపాల్ సింగ్ ముండా. మనిషి స్వేచ్ఛను చట్టం తీసేసుకునేటప్పుడు ఆ చట్టం న్యాయంగా ఉందో లేదో కోర్టులు చూడాలా అన్న చర్చలో అల్లాడి శాసనసభల వైపు మొగ్గారు. ఆ పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండి తీరాలని సుప్రీంకోర్టు తేల్చేసరికి 1978 వచ్చింది. పెద్దల మేలు తలచుకోవాలి, వాళ్లు వదిలేసినదాన్ని మనం పూర్తి చేయాలి.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రెండు రోజులకే, అక్టోబరు 3న అల్లాడి కన్నుమూశారు. ఆయన కొడుకు అల్లాడి రామకృష్ణన్ భౌతిక శాస్త్రవేత్త అయ్యారు. మద్రాసులో గణిత విజ్ఞాన సంస్థను స్థాపించారు. దానికి బీజం పడింది ఆ ఏకామ్ర నివాస్‌లో జరిగిన చదువు సమావేశాల్లోనే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చివరిగా మూడు మాటలు. పద్దెనిమిది నిండగానే ఓటరుగా పేరు నమోదు చేయించుకోండి. షెడ్యూల్డ్ తెగలవారికి ఆదాయంతో పని లేకుండా న్యాయ సహాయం ఉచితం. భూమి కాగితాల దగ్గర ఎవరైనా తిప్పుతుంటే శ్రీకాకుళం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టండి, మీ ఇంటి పెద్దలకు మీరే రాసిపెట్టండి. మూడోది, ఇంటర్ తర్వాత ఏం చదవాలని నన్ను అడిగేవాళ్లు నర్సింగ్, డీఈడీ, పోలీసు ఉద్యోగం అంటున్నారు. అవి మంచివే. ఒక్కరైనా లా చదువుతానంటే వినాలని నాకు ఆశ. మన కేసు మన భాషలో విని, కోర్టు భాషలో చెప్పేవాళ్లు మనలోంచే రావాలి. పుదూరు పురోహితుడి ఇంట్లోంచి ఒక అల్లాడి వచ్చినప్పుడు, మన గూడెంలోంచి ఎందుకు రాకూడదు?

మీ వార్డెన్ మేడమ్,
కోటబొమ్మాళి