పంచముడన్న పేరును తిప్పికొట్టిన భాగ్యరెడ్డి వర్మ

మనిషిని కలవకముందే అతనెలాంటివాడో తేల్చేయడం పేరే ముద్ర. తాగుతారు, శుభ్రం ఉండదు, చదువు అబ్బదు అంటూ దళితుల మీద వేసిన ముద్రలు ఎన్ని తరాల దారి మూశాయో మనకు తెలుసు. ఆ ముద్రలతో హైదరాబాద్‌లో మూడు దశాబ్దాల పాటు తలపడిన మనిషి మాదరి భాగయ్య. మనం భాగ్యరెడ్డి వర్మగా తలుచుకునేది ఆయన్నే.

1888 మే 22న హైదరాబాద్‌లో ఒక పేద మాల కుటుంబంలో పుట్టారు. తండ్రి వెంకయ్య, తల్లి రంగమాంబ. మీరు ఒకప్పుడు ఈ నేలను ఏలినవాళ్లని చెప్పి, రేడు అన్న మాట నుంచి రెడ్డి అన్న పేరును కలిపింది వారి కుటుంబ గురువు. 1913లో ఆర్యసమాజం వర్మ బిరుదు ఇచ్చింది. ఊరు పెట్టిన పేరుతోనే బతకాల్సిన పని లేదన్న సంగతి ఆయనకు తన సొంత పేరే నేర్పింది.

1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలు, భజనలతో వాడవాడా తిరిగారు. 1911లో అదే మన్యసంఘమైంది. 1917 నవంబర్‌లో బెజవాడలో పంచమ మహాజన సభ జరిగింది. దళితులు ఊళ్లోకి వస్తున్నారని కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. అధ్యక్ష స్థానంలో కూర్చున్న భాగ్యరెడ్డి వర్మ ముందు సభ పేరునే తప్పుపట్టారు. పంచములన్న మాటకు శాస్త్రాల్లో, పురాణాల్లో ఆధారం లేదన్నారు. మనం ఈ గడ్డ మీద మొదటి నుంచీ ఉన్నవాళ్లమని వాదించారు. సభ ఆయన మాట విన్నది. పంచమ సభ కాస్తా ఆది ఆంధ్ర సభ అయింది.

పేరు మారితే బతుకు మారుతుందా అని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. పంచముడు అంటే నాలుగు వర్ణాలకూ బయట మిగిలినవాడు. ఆది ఆంధ్రుడు అంటే అందరికన్నా ముందున్నవాడు. మొదటి పేరు పలికిన ప్రతిసారీ వెలి గుర్తుకొస్తుంది, రెండో పేరు హక్కును గుర్తుచేస్తుంది. అందుకే ఈ మార్పు సభతో ఆగలేదు. 1922లో మద్రాసు ప్రభుత్వం పంచమ, పరయ అన్న మాటలు వదిలి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అన్న పేర్లు తీసుకుంది. 1931 జనగణనలో నిజాం రాజ్యం ఆది హిందువులన్న పేరు రాసుకుంది.

ఒక్క పేరుతోనే ముద్ర చెరిగిపోదని ఆయనకు తెలుసు. 1910లో ఇసామియా బజార్‌లో బడి పెట్టారు. తర్వాత ఆ బడులు 26 అయ్యాయి. దళితులకు చదువు రాదన్న మాటకు వాదనతో కాదు, పలక పట్టిన పిల్లలతో జవాబిచ్చారు. దేవదాసి, జోగిని ఆచారాల మీద పోరాడారు. మన ఆడపిల్లల ఒళ్లు ఊరి సొత్తు అన్న భావనకు వేరు అక్కడే ఉందని గుర్తించారు.

కల్లు, సారా మానమని కూడా వాడల్లో ప్రచారం చేశారు. ఇక్కడ మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. అగ్రకులస్థుడు తాగితే అది అతని అలవాటు, దళితుడు తాగితే అది అతని కులం. కొలబద్ద ఇలా రెండు రకాలుగా ఉన్నప్పుడు మనం ఎంత మారినా సరిపోదు. తాగుడు మానడం మన ఇంటికి మంచిదే. కానీ గౌరవం కోసం మంచివాళ్లమని రుజువు చేసుకోవాల్సిన భారం మన మీద ఉండకూడదు. ముద్ర వేసిన చెయ్యే మారాలి.

ఇంకో సంగతీ దాచకూడదు. ఆది హిందూ అన్న పేరు కింద మాల, మాదిగల మధ్య దూరం పోలేదు. మాదిగలు అరుంధతీయుల పేరుతో వేరే సంఘం పెట్టుకున్నారు. పైకులాల చూపును ప్రశ్నించే ఉద్యమం తన లోపలి చూపునూ ప్రశ్నించుకోవాలని ఆ చరిత్ర చెబుతోంది.

1939 ఫిబ్రవరి 18న, యాభై ఏళ్లకే ఆయన కన్నుమూశారు. యూనివర్సిటీల్లో ర్యాంకు అడిగి కులం తేల్చుకునేవాళ్లు, ఇంటిపేరు విని గది లేదనేవాళ్లు ఇంకా ఉన్నారు. కోటా సీటన్న వెటకారం వినిపించినప్పుడు ఊరుకోకుండా అక్కడే ఆపుదాం. మన వాడల పిల్లలు ఏం చదువుతున్నారో, ఏం సాధిస్తున్నారో మనమే రాద్దాం. మాట తప్పైతే సభ పేరైనా సరే మార్చాల్సిందేనని బెజవాడలో ఆయన చూపించారు. మన చుట్టూ మార్చాల్సిన మాటలు ఇంకా చాలా ఉన్నాయి.