గోల్డెన్ అవర్ అన్న డాక్టర్ ఈయనే.. కానీ ఆయన అడిగింది అంబులెన్స్ ఒక్కటే కాదు!

రోడ్డు ప్రమాదం జరిగిందంటే చాలు, గోల్డెన్ అవర్ అనే మాట వినిపిస్తుంది. గంటలోపు తీసుకొస్తే బతికేవాడని డాక్టర్లు చెబుతుంటారు. 2019లో సవరించిన మన మోటారు వాహనాల చట్టంలోనూ ఈ మాటకు నిర్వచనం ఉంది. ఇంతకీ దీన్ని ప్రపంచానికి అలవాటు చేసింది ఎవరో తెలుసా? అమెరికాలోని బాల్టిమోర్‌లో పనిచేసిన సర్జన్ ఆర్ ఆడమ్స్ కౌలీ.

అయితే ఆయన చెప్పిన దాంట్లో సగమే మన దాకా వచ్చింది. గంటలో తీసుకురావాలన్నది ఒక సగం. తీసుకొచ్చిన చోట ఆ గాయాలను చూడటం తెలిసిన టీమ్ అప్పటికే రెడీగా ఉండాలన్నది రెండో సగం. కష్టమైనది ఇదే.

కౌలీ 1917 జూలై 25న యూటా రాష్ట్రంలోని లేటన్‌లో పుట్టారు. 1944లో మేరీల్యాండ్ యూనివర్సిటీలో మెడిసిన్ పూర్తి చేశారు. ఆర్మీ సర్జన్‌గా యూరప్ వెళ్లొచ్చారు. ఆ తర్వాత గుండె ఆపరేషన్ల వైపు మళ్లారు. ఓపెన్ హార్ట్ సర్జరీ తొలి రోజుల్లో ధైర్యం చేసిన కొద్దిమందిలో ఆయన ఒకరు. అలాగే కొనసాగి ఉంటే పెద్ద గుండె డాక్టర్‌గా స్థిరపడిపోయేవారు. కానీ ఒక ప్రశ్న ఆయన్ను వదల్లేదు. ఆపరేషన్ బాగానే జరిగినా కొందరు ఎందుకు చనిపోతున్నారు?

దానికి జవాబు షాక్‌లో ఉంది. వార్త విని షాకయ్యాం అంటామే, ఆ షాక్ కాదిది. రక్తం బాగా పోతే బీపీ పడిపోతుంది. కిడ్నీలు, కాలేయం, మెదడుకు ఆక్సిజన్ అందదు. తర్వాత రక్తం ఎక్కించి బీపీని నిలబెట్టినా, అప్పటికే లోపల అవయవాలు దెబ్బతిని ఉంటే రోగి కొన్ని రోజులకో, వారాలకో ప్రాణం వదులుతాడు. అంటే చావు ఆలస్యంగా వచ్చినా, దానికి బీజం మాత్రం మొదటి కొద్దిసేపట్లోనే పడిపోతోందన్నమాట. కౌలీ పట్టుకున్న పాయింట్ ఇదే.

ఈ షాక్‌ను మనుషుల్లో పరిశోధించడానికి అమెరికా ఆర్మీ ఆయనకు లక్ష డాలర్లు ఇచ్చింది. బాల్టిమోర్ యూనివర్సిటీ ఆస్పత్రిలో రెండంటే రెండే పడకలతో యూనిట్ మొదలైంది. తర్వాత నాలుగయ్యాయి. మిగతా డాక్టర్లు ఇక లాభం లేదని చేతులెత్తేసిన కేసులనే అక్కడికి పంపేవారు. చావులు ఎక్కువగా ఉండటంతో ఆ గదికి డెత్ ల్యాబ్ అని పేరు పడిపోయింది. అయినా ఆశ వదిలేసిన వాళ్లలో కొందరు బతికి ఇంటికి వెళ్లడం మొదలైంది.

1969 నాటికి అది 32 పడకల ట్రామా సెంటర్ అయింది. ఆ తర్వాత హెలికాప్టర్లు. కొత్తవి కొనిపించి ఆస్పత్రికి ఇప్పించడం కాదు, రాష్ట్ర పోలీసుల హెలికాప్టర్లనే క్షతగాత్రులను తేవడానికి వాడుకునేలా ఒప్పించారు. దగ్గర్లోని ఆస్పత్రిని దాటించి మరీ రోగిని బాల్టిమోర్‌కు తెస్తామంటే స్థానిక డాక్టర్లు, ఆస్పత్రులు ఊరుకుంటారా? గట్టిగానే వ్యతిరేకించారు. కౌలీ కూడా మెత్తని మనిషేమీ కాదు. పంతం పడితే వదిలే రకం కాదు. గవర్నర్ మార్విన్ మాండెల్ స్నేహితుడొకరు కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడి ఇక్కడే కోలుకున్నారు. 1973లో అదే గవర్నర్ ఉత్తర్వుతో ఈ సెంటర్‌కు ప్రత్యేక సంస్థ హోదా వచ్చింది. రాష్ట్రమంతటికీ ఒకే ఎమర్జెన్సీ వ్యవస్థ ఏర్పడటానికి దారి పడింది. ఈ కథపై 1982లో ఓ టీవీ సినిమా కూడా వచ్చింది.

ఇక్కడో మాట చెప్పుకోవాలి. సరిగ్గా 60 నిమిషాలే అనే అంకెకు ఆధారం ఏంటని తర్వాత పరిశోధకులు వెతికితే గట్టి లెక్కలేవీ దొరకలేదు. రక్తం ధారగా పోతున్న మనిషికి పది నిమిషాలు కూడా ఎక్కువే కావచ్చు. గంట దాటినా బతికేవాళ్లూ ఉంటారు. ఆలస్యం ప్రాణాంతకమన్న ఆయన మాట మాత్రం నిలబడింది. గంట అన్న అంకె గవర్నర్లకు, పోలీసులకు, జనానికి చటుక్కున అర్థమైంది.

మరి గంటలో తెచ్చాక చూసేదెవరు? సర్జన్ ఇంట్లో నిద్రపోతూ ఫోన్ కోసం ఎదురుచూస్తే ఆ గంట వృథాయే. అందుకే రాత్రీపగలూ సర్జన్, మత్తు డాక్టర్, నర్సులు లోపలే ఉండాలి. పొట్ట, ఛాతీ, రక్తనాళాలు.. ఏ గాయం ముందు చూడాలో క్షణాల్లో తేల్చుకోవాలి. ఇది మామూలు సర్జరీ చదువుతో పూర్తిగా వచ్చే పని కాదు. అమెరికాలో ఐదేళ్ల జనరల్ సర్జరీ శిక్షణ అయ్యాక కూడా ట్రామా, ఐసీయూ వైద్యం కోసం విడిగా ఫెలోషిప్ చేస్తారు. అత్యవసర ఆపరేషన్లను కూడా కలిపిన అక్యూట్ కేర్ సర్జరీ ఫెలోషిప్ అయితే రెండేళ్లు. మన దగ్గర ఢిల్లీ ఎయిమ్స్‌లో ట్రామా సర్జరీకి ఎంసీహెచ్ కోర్సు ఉంది.

కౌలీ 1991 అక్టోబర్ 27న కన్నుమూశారు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో ఖననం చేశారు. దానికి రెండేళ్ల ముందే, 1989లో బాల్టిమోర్‌లో కొత్త భవనం తెరుచుకుంది. ఆర్ ఆడమ్స్ కౌలీ షాక్ ట్రామా సెంటర్ అని దానికి ఆయన పేరే పెట్టారు. ట్రామా ఫెలోలు, అమెరికా ఎయిర్‌ఫోర్స్ వైద్య బృందాలు ఇప్పటికీ అక్కడ శిక్షణ పొందుతున్నారు.