బఠానీ తోటలో ఉపాధ్యాయుడు – గ్రెగర్ మెండెల్

నేటి చెక్ దేశంలో చేరియున్న హైన్‌జెన్‌డార్ఫ్ గ్రామంలో 1822వ సంవత్సరంలో ఒక సామాన్య రైతు కుటుంబాన యోహాన్ మెండెల్ జన్మించారు. తండ్రి గాయపడి శ్రమచేయలేని స్థితి ఏర్పడగా కుమారుని చదువు ఆగిపోవలసి వచ్చింది. అప్పుడు చెల్లెలు థెరేసియా తన కట్నపు సొమ్ములో కొంత అన్నగారి విద్యకు ఇచ్చివేసింది. ఆ ఋణాన్ని ఆయన మరువలేదు. అనంతర కాలంలో ఆమె కుమారుల విద్యకు అండగా నిలిచారు.

1843లో బ్రనో నగరంలోని సెయింట్ థామస్ మఠంలో చేరి గ్రెగర్ అను నామం స్వీకరించారు. బోధన పట్ల మక్కువ గల ఆయన 1850లో ఉపాధ్యాయ అర్హత పరీక్షలో ఉత్తీర్ణులు కాలేకపోయారు. వియన్నా విశ్వవిద్యాలయంలో చదివి వచ్చి 1856లో మరల ప్రయత్నించినా ఫలితం దక్కలేదు. అయినప్పటికీ 1854 నుండి 1868 వరకు తాత్కాలిక ఉపాధ్యాయునిగానే పాఠాలు చెప్పారు.

తీరిక వేళలలో మఠపు తోటలో సుమారు 28,000 బఠానీ మొక్కలను పరిశీలించారు. గుండ్రని గింజల రకాన్ని ముడుతల గింజల రకంతో సంకరపరచగా మొదటి తరంలో అన్నీ గుండ్రని గింజలే వచ్చాయి. రెండవ తరంలో గుండ్రనివి 5,474, ముడుతలవి 1,850 లభించాయి. మరుగుపడిన లక్షణం నశించలేదని తేలింది. ప్రతి లక్షణానికీ రెండు కారకాలు ఉంటాయనీ, బీజకణాలు ఏర్పడేటప్పుడు అవి విడిపోయి ఒక్కొక్క కణానికి ఒక్కటే చేరుతుందనీ ఆయన నిర్ణయించారు.

1866లో వెలువడిన ఆ వ్యాసాన్ని నాటి పండితులు అంతగా పట్టించుకోలేదు. మఠాధిపతిగా ఉంటూ 1884 జనవరి 6న ఆయన కన్నుమూశారు. 1900లో డి వ్రీస్, కారెన్స్, షెర్మాక్‌ల పరిశోధనల మూలంగా ఆ వ్యాసం వెలుగు చూసింది. అటుపిమ్మట సట్టన్, బోవెరి ఆ కారకాల నెలవు క్రోమోజోములేనని సూచించారు.

క్షయకరణ విభజనలో క్రోమోజోములు ఒకమారు రెట్టింపై, కణం రెండుమార్లు విభజన చెందుతుంది. బఠానీలోని 14 క్రోమోజోములు బీజకణంలో 7 అవుతాయి. మానవునిలో 46కు బదులు 23 మిగులుతాయి. ప్రతి జతలో ఏది ఎటు చేరునో నియమం లేనందున ఆ పంపకం 83,88,608 విధాల జరుగవచ్చు. పైగా విడిపోవుటకు ముందు జంట క్రోమోజోములు తమ భాగాలను పరస్పరం మార్చుకుంటాయి. అందుచేతనే ఏకరూప కవలలు తప్ప, ఒకే తల్లి బిడ్డలైనా ఎవరి పోలిక వారిదే.

పరీక్షలో రెండుమార్లు తప్పిన ఆ ఉపాధ్యాయుని పాఠాన్నే నేడు జీవశాస్త్ర తరగతులలో విద్యార్థులు పరీక్షకై చదువుకుంటున్నారు.